దోపిడి – నిలువుదోపిడి
(పరధన గ్రహణమును తెలుపు పదముల విచారము)

తిరుమల శ్రీవారి దర్శనము చేసికొని వెలుపలికి వచ్చు భక్తులు హుండి యెదుట నిలిచి కానుకలు సమర్పించు దృశ్యము పాఠకులందరికిని సుపరిచితమే. అందు కొందరు, ఆపదలో మ్రొక్కుకొన్న మ్రొక్కుబడి ననుసరించి, గాజులు, గొలుసు, ఉంగరము, చెవికమ్మలు మొదలుగా ఒంటిమీది నగలన్నిటిని ఒక్కొక్కటిగా తీసి ఆ కొప్పెరలో వేయుదురు. ఈ మ్రొక్కునకు మన జనులు పెట్టిన పేరు ‘నిలువుదోపిడి’.

తిరుపతిలో సాయంకాలములందు నా యొద్ద అమరకోశము చదువుకొను బాలురలో ఒకడు నన్నిట్లు ప్రశ్నించెను: “అయ్యవారూ! దోపిడి యనునది దొంగలు చేయు పని గదా! పుణ్యకార్యమునకు దొంగల మాట పేరెట్లు వచ్చినది?” ప్రశ్న చిన్నది. దానికి సమాధానము వెదకుచు పోగా, పరుల సొత్తును తీసికొనుటను తెలుపు పదములన్నియు ఒకదాని వెంట ఒకటి ముందుకు వచ్చినవి. ఆ విచారణ చివరకు నా యింటి గడపలోనికే వచ్చి నిలిచినది. ఆ రెండు విషయములను ఇచ్చట విన్నవించుచున్నాను.

స్వము – స్వామి

ముందుగా ‘స్వామి’ శబ్దమును గమనింపుడు. ‘స్వము’ అనగా ధనము, తనది అయిన వస్తువు. దానిపై అధికారము గలవాడు స్వామి. పాణిని ఈ శబ్దమును ఐశ్వర్యము అను అర్థములో ప్రత్యేకముగా సాధించి చూపెను. మనము భగవంతుని స్వామి యని పిలుచుచున్నాము; ధర్మశాస్త్రకారులు పొలము గలవానిని, పశువులు గలవానిని కూడ స్వామి యనియే పిలిచిరి. కాబట్టి ధనగ్రహణ విచారమంతయు స్వామి విచారమే. ఒక వస్తువు ఒకరి చేతినుండి మరియొకరి చేతికి పోయినప్పుడు మూడు ప్రశ్నలు వేయవలెను. స్వామి సమ్మతించెనా? స్వామి చూచుచుండగా జరిగెనా, చాటున జరిగెనా? తీసికొన్నవానికి తీసికొను అధికారము కలదా? ఈ మూడింటికి వచ్చు సమాధానములను బట్టియే పదములు వేరగుచున్నవి.

స్తేయము – సాహసము

నేడు సాహసమనగా ధైర్యముతో చేయు గొప్ప పని. ధర్మశాస్త్రములో అట్లు కాదు. ‘సహస్సు’ అనగా బలము. బలగర్వముతో, స్వామి యెదుటనే, బహిరంగముగా చేయు హరణము సాహసము. స్వామి కన్నుగప్పి, పరోక్షమున చేయునది స్తేయము. తీసికొని, అడిగినప్పుడు ‘నేను తీసికొనలేదు’ అని బొంకుటయు స్తేయమే యని మనువు చేర్చెను. ఈ రెండింటిలో ఏది గొప్ప దోషము? చాటున చేయువాడు కనీసము భయపడుచున్నాడు. ధర్మము వైపు చూచి సిగ్గుపడుచున్నాడు. ఎదుట నిలిచి లాగుకొనువానికి ఆ భయమును లేదు, ఆ సిగ్గును లేదు. కావుననే సాహసికుడు చోరునికంటె అధిక పాపి యని స్మృతి నిర్ణయము.

యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర చాళుక్య విక్రమాదిత్యుని (1076–1126) కాలమున కల్యాణ నగరములో వెలసినది. తిక్కనగారి శిష్యుడైన కేతన దానిని 13వ శతాబ్దములో ‘విజ్ఞానేశ్వరీయము’ అను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఈ విచారము తెలుగు వారికి ఏడువందల యేండ్లనుండి తమ భాషలోనే అందుబాటులో నున్నదని తెలియుటకు ఈ మాట చెప్పుచున్నాను.

చోరులలోను ప్రకాశులు, అప్రకాశులు అని రెండు తెగలు. రాత్రివేళ కన్నము వేయువాడు అప్రకాశుడు. పట్టపగలు అంగడిలో కూర్చుండి తప్పుడు తూకము తూచువాడును, లంచము పుచ్చుకొనువాడును ప్రకాశ చోరులు. దొంగ యనగానే చీకటిని తలచుట మన అలవాటు. స్మృతికారులు మాత్రము వెలుతురులోని దొంగను కూడ దొంగ యనియే పిలిచిరి.

ఒక్క ధాతువు – అనేక గతులు

‘హృ’ ధాతువునకు తీసికొనిపోవుట యని అర్థము. ఉపసర్గ ధాతువుయొక్క అర్థమును బలాత్కారముగా వేరొక చోటికి తీసికొనిపోవునని వైయాకరణులు చెప్పుదురు. ఇది చదివినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును. వ్యాకరణములో కూడ ఒక సాహసము కలదన్నమాట! ‘అప’ చేరినచో అపహారము, దొంగతనము. ఆ దొంగతనముపై న్యాయస్థానమున జరుగునది వ్యవహారము. నానా సందేహములను హరించునది గనుక ఆ పేరు వచ్చినదని కాత్యాయనుని నిర్వచనము. నష్టపోయినవానికి చెల్లించునది పరిహారము. దేవునికి ప్రీతితో సమర్పించునది ఉపహారము. దోషము, దాని విచారణ, దాని సవరణ, చివరకు పూజ – నాలుగును ఒకే ధాతువునుండి పుట్టినవి. పాపములను హరించువాడు గనుక స్వామికి హరి యను పేరు. తీసికొనుట తనంత తాను పాపము కాదు, పుణ్యము కాదు. ఏ ఉపసర్గతో తీసికొన్నాము అనునదే ప్రశ్న.

చేయి – కాలు – పిడికిలి – నోరు

తెలుగులో వాడుకలో నున్న మాటలకు ఒక్కొక్క అవయవము గుర్తుగా నున్నది. అపహరణము చేతి పని. వస్తువును ఎత్తుకొని పోవుట. ఆక్రమణము కాలి పని. ‘క్రమ్’ ధాతువునకు అడుగు వేయుట యని అర్థము. భూమిని ఎత్తుకొని పోలేము గనుక దానిపై కాలు మోపి నిలుచుటయే దానిని కాజేయు మార్గము. కబ్జా అరబ్బీనుండి వచ్చిన మాట. పిడికిట పట్టుట యని మూలార్థము. పాత దస్తావేజులలో కబ్జా యనగా కేవలము అనుభవములో నుండుట; అందు దోషమేమియు లేదు. నేడు ఆ మాట వినినంతనే దౌర్జన్యము స్ఫురించుచున్నది. మనుష్యులు చేసిన పనులవలన మాటకు మచ్చ వచ్చినది. ఇక కబళించుట, దిగమ్రింగుట నోటి పనులు. తిరిగి వచ్చు ఆశ లేనప్పుడు ఈ మాటలు వాడుదుము.

అధికారముతో తీసికొనుటకు వేరు మాటలు గలవు. జప్తు అరబ్బీ మూలము గల మాట. గట్టిగా పట్టి యుంచుట యని అర్థము. దాని వెనుక ఒక ఉత్తరువు ఉండవలెను. ఉత్తరువు లేని జప్తు సాహసమే యగును. భూసేకరణమునకు చట్టమును, పరిహారమును రెండును కావలెను. 1894 నాటి భూసేకరణ చట్టమునకు బదులుగా 2013లో చేయబడిన చట్టము 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని పేరులోనే న్యాయమైన పరిహారము అను మాట చేర్చబడినది. 1978 నాటి 44వ సవరణముతో ఆస్తిహక్కు ప్రాథమిక హక్కులనుండి తొలగింపబడినను, చట్టాధికారము లేక ఎవరి ఆస్తిని తీసికొనరాదని 300-ఎ అధికరణము రాజ్యాంగమున చేరినది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1982లో భూ ఆక్రమణలను నిషేధించు చట్టమును ప్రత్యేకముగా చేయవలసి వచ్చినది. చట్టముల పేర్లు క్రొత్తవి. అవి అడుగు ప్రశ్నలు మాత్రము పైన చెప్పిన మూడే.

ధర్మ్యమైన రాక

ధనము ధర్మముగా వచ్చు మార్గములు ఏడని మనువు చెప్పెను. అవి దాయము, లాభము, క్రయము, జయము, ప్రయోగము, కర్మయోగము, సత్ప్రతిగ్రహము. దాయము పిత్రార్జితము. ప్రయోగము వడ్డీకిచ్చుట. కర్మయోగము కృషి మొదలగు పనులవలన వచ్చునది. సత్ప్రతిగ్రహము యోగ్యుడైన దాతనుండి దానము పుచ్చుకొనుట. జయము క్షత్రియునకు చెప్పబడినది. శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు 1521 వరకు ఏడు పర్యాయములు తిరుమలకు వచ్చెను. 1514లో గజపతులనుండి ఉదయగిరి దుర్గమును గెలుచుకొని వచ్చినప్పుడు స్వామికి 30,000 బంగారు నాణెములతో కనకాభిషేకము చేయించెను. జయముగా వచ్చినది దానముగా పోయినది. రాజు చేతిలో ధనము నిలిచిన కాలము స్వల్పము. శాసనములో నిలిచిన కాలము అయిదువందల యేండ్లు.

తిరుమల తిరుపతి ఆలయములలోని శాసనములు వేయికి పైగా గలవు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు మొదలగు పండితుల పరిశ్రమవలన అవి 1930 ప్రాంతములలో సంపుటములుగా వెలువడినవి. అందు పెక్కు శాసనములు, ఈ ధర్మము శ్రీవైష్ణవుల రక్షణలో నున్నది అను భావముగల మాటతో ముగియును. దాత తన కొడుకులకు గాని రాజునకు గాని కాక, రాబోవు భక్తులందరికి ఆ భారమును అప్పగించెను. మన దేశపు భూదాన శాసనములలో తరచుగా కనిపించు శాపవాక్యము పాఠకులెరిగినదే: తానిచ్చినదైనను, పరులిచ్చినదైనను, దానభూమిని హరించినవానికి అరువదివేల యేండ్ల క్రిమిజన్మము. దానము చేయుటకంటె పరుల దానమును పాలించుట మిన్న యనియు ఆ శాసనములే చెప్పును. శిలపై ఇంత గట్టిగా చెక్కవలసి వచ్చినదనగా, హరించువారు ఆ కాలమునను ఉండిరనియే గదా!

మా యింటి విషయము

ఈ పాఠము చెప్పుచున్న దినములలోనే మా తండ్రిగారి పాత లెక్కల పుస్తకమొకటి నా కంటబడినది. చిత్తూరు జిల్లాలోని మా స్వగ్రామమున ఒక చిన్న విష్ణ్వాలయము కలదు. దాని నిత్యదీపమునకై పూర్వులెవరో విడిచిన మాన్యములో ఇరువది సెంట్ల చెక్క మా పొలమును ఆనుకొని యున్నది. మా తండ్రిగారు దానిని గుత్తకు చేయుచు, ఏటేట గుడికి చెల్లించిన నూనెను, రూకలను ఆ పుస్తకములో వ్రాసి యుంచిరి. ప్రతి యేట ‘దేవుని చెక్క – గుత్త’ అను పద్దు కలదు. వారి యనంతరము మా అన్నగారి కాలమున ఆ పద్దు లేదు. ‘దేవుని చెక్క మన స్వాధీనమున ఉన్నది’ అను ఒక్క వాక్యము మాత్రము కలదు. నడుమ గెనిమ ఎప్పుడు పోయినదో తెలియదు. నేడు మా అన్నగారి కుమారులు ఆ నేలను చూపి ‘ఇది మనది’ అనుచున్నారు.

గుత్త, స్వాధీనము, మనది. మూడు తరములలో మూడు మాటలు. నేల అంగుళమైనను కదలలేదు. మాట మాత్రము కదలినది. ఒక్క రాత్రిలో ఎవరును దోచుకొనలేదు. కత్తి చూపలేదు, కన్నము వేయలేదు. అయినను దేవుని దీపమునకు నూనె నిలిచిపోయినది.

నేను ఊరికి పోయి ఆ పుస్తకమును చూపినప్పుడు పెద్దవాడు ఇట్లనెను: “చిన్నాయనా! మేము ఎవరి సొత్తును దొంగిలించలేదు. ఇన్నేండ్లుగా ఎవరును వచ్చి అడుగలేదు. అనుభవము మనదే గదా!”

వాని మాటలో శాస్త్రము కొంత లేకపోలేదు. స్వామి చూచుచు మిన్నకుండగా ఇతరుడు ఇరువది యేండ్లు అనుభవించిన భూమిపై స్వామి హక్కు సడలునని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. కాని వెంటనే దానికి అపవాదములను కూడ చెప్పెను. తాకట్టు, పొలిమేర, అప్పగింతగా ఉంచిన సొత్తు, బాలుర ధనము, శ్రోత్రియుని ధనము మొదలగునవి అనుభవము చేత నశింపవు. తన సొత్తును తాను కాపాడుకొనలేనివాని విషయమున కాలము దొంగకు సాక్ష్యము చెప్పరాదని దీని భావము. గుత్తకు తీసికొన్నది మనపై నమ్మకముతో అప్పగించినదే గదా! చెరిపినది గట్టే గదా!

అప్పుడు నేను వానిని ఒక్క ప్రశ్న అడిగితిని: “నాయనా! స్వామి ఎదుట తీసికొన్నది సాహసము, పరోక్షమున తీసికొన్నది స్తేయము. ఆ చెక్కకు స్వామి గర్భాలయములో నున్న దేవుడు. ఆయన చూచుట లేదందువా, అది స్తేయము. చూచుచున్నాడందువా, అది సాహసము. దాని దోషము మరింత ఎక్కువ. ఆస్తికుడవైన నీకు మూడవ మాట ఉన్నచో చెప్పుము.” వాడు బదులు చెప్పలేదు. సంతోషముతో ఒప్పుకొనెనని నేను వ్రాయను, ఒప్పుకొనెను. రెండు నెలలకు సర్వేయరును పిలిపించి కొలత వేయించి, గెనిమ తిరిగి వేసి, రాళ్ళు నాటించితిమి. చెక్కను గుడివారికి చూపి అప్పగించితిమి.

అయితే ఆ ప్రశ్న వానికి వేయుటకు ముందు నాకు నేను వేసికొనవలసినది. ఆ పొలములో పండిన బియ్యము ముప్పది యేండ్లుగా ఏటేట మూటకట్టి నా యింటికి వచ్చుచుండెను. స్తేయ సాహసములకు భేదము చెప్పి జీతము పుచ్చుకొన్న నేను, ఆ అన్నము తినుచు ఏ చెక్కలోని గింజయో ఒక్కనాడును అడుగలేదు. అడుగకుండుటకు శాస్త్రములో పేరేమని వెదకితిని. తెలిసి దొంగసొత్తును పుచ్చుకొనువానిని దొంగతో సమానముగా చూడవలెనని స్మృతి. తెలియక పుచ్చుకొన్నచో? తెలిసికొను అవకాశము ఉండియు తెలిసికొనకున్నచో? నా బోటి పండితునకు ‘తెలియదు’ అను మాట చెల్లదు. లెక్క కట్టి, నా పింఛనులోనుండి నెలనెల కొంత ఆ దీపమునకు చెల్లించుచున్నాను. ఇంకను కొంత బాకీ యున్నది.

పడిపోయిన మాటలు – లేచిన మాట

ఇప్పుడు బాలుని ప్రశ్నకు వత్తము. మన వాడుకలో ఒక విచిత్రము కలదు. ‘స్వాహా’ యనునది అగ్నిహోత్రమున హవిస్సును అర్పించు మాట. సొమ్మును కాజేసినవానిని ‘స్వాహా చేసెను’ అనుచున్నాము. కైంకర్యమనగా స్వామి సేవ; పరుల ధనమును మ్రింగినవానిని కూడ ‘కైంకర్యము చేసెను’ అనుచున్నాము. శఠగోపము నమ్మాళ్వారుల పేర స్వామి పాదముల గుర్తుగా మన శిరస్సుపై ఉంచునది. మోసము చేయుటను ‘శఠగోపము పెట్టుట’ అనుచున్నాము. నామము పెట్టుట అన్నను అదే అర్థము. పోయిన సొమ్మును ‘గోవిందా’ అనుచున్నాము. ఇన్ని పవిత్ర శబ్దములు దొంగల పాలెట్లైనవి? జనులు దైవద్వేషముతో ఇట్లు వాడలేదు. దేవుని పేరు చెప్పి తినువారిని చూచి చూచి, వెటకారముగా పుట్టించిన మాటలివి యని నా యూహ. మేము చెక్కను తినిన విధము తెలిసినచో మా ఊరివారు దానిని కైంకర్యమనియే యుందురు, అది న్యాయమే.

ఇన్ని దేవుని మాటలు దొంగల యొద్దకు పోగా, దొంగల మాట యొకటి దేవుని సన్నిధికి వచ్చినది. అదియే నిలువుదోపిడి. పైకి చూచుటకు దోపిడికిని దీనికిని భేదము లేదు. మనిషి నిలిచినది నిలిచినట్లే యుండగా ఒంటిమీద నగ మిగులదు. భేదమంతయు స్వామి సమ్మతిలో నున్నది. బాటలో దొంగ భయపెట్టి తీసికొనును; ఇచ్చట ధనస్వామియే తన చేతితో తీసి, లోకస్వామి యెదుట సమర్పించును. అనగా ఆ భక్తుడు తన్ను తానే దోచుకొనుచున్నాడు. ‘నాది’ అను మాట ఒక్క క్షణమైనను అతని నోట నిలువదు. మా యింట మూడు తరములలో గుత్త ‘మనది’గా మారినది; హుండి యెదుట ఒక్క నిముషములో ‘నాది’ ‘నీది’గా మారుచున్నది. దోపిడి యను మాటకు ఇంతకంటె ప్రాయశ్చిత్తము లేదు.

ఆ సొమ్మును పుచ్చుకొను స్వామి చరిత్రను కూడ తలచుకొనుడు. వేంకటాచల మాహాత్మ్య సంప్రదాయములో శ్రీనివాసుడు తన కల్యాణమునకై కుబేరునియొద్ద ధనము తీసికొనెను. సర్వలోకములకు స్వామి యైనవాడు కుబేరుని నిధిని జప్తు చేయవచ్చును, ఆక్రమింపవచ్చును, లాగుకొనవచ్చును, అడ్డుపడువారెవరు? అట్లు చేయక సాక్షులను పిలిచి, పత్రము వ్రాసియిచ్చి, అప్పు తీసికొనెను. నేటికిని వడ్డి చెల్లించుచున్నాడని భక్తుల విశ్వాసము. అందుకే ఆయన వడ్డికాసులవాడు. తనదే యైనదానిని కూడ అడిగి తీసికొన్న స్వామి కొండ క్రింద నివసించు మనము, మనది కానిదానిని అడుగక తీసికొనుట ఎంత సిగ్గుచేటు!

కావున పాఠకులకు నా విన్నపము ఇది. మీ యింటి పాత పుస్తకములను ఒక్కసారి తెరచి చూడుడు. పొలము గట్టు కావచ్చును, ఎరువు తెచ్చుకొన్న పాత్ర కావచ్చును, తిరిగి ఇయ్యని గ్రంథము కావచ్చును. తాతగారు దానికి ఏ మాట వాడిరో, తండ్రిగారు ఏ మాట వాడిరో, మీరు ఏ మాట వాడుచున్నారో పోల్చి చూడుడు. మాట మారియున్నచో, నడుమ ఏదో ఒక గట్టు చెరిగినదని తెలిసికొనుడు. దానిని తిరిగి వేయుటకు ఇంకను ఆలస్యము కాలేదు.

ఇతి శమ్.